ఆ డబ్బు ఏ సైటుది?

ప్రశ్న: విజయవాడలో పద్నాలుగేళ్లుగా సివిల్ కాంట్రాక్టులు చేస్తున్నాను. ఇప్పుడు నాలుగు పనులు నడుస్తున్నాయి. కానూరు, పోరంకిలో మెటీరియల్‌తో సహా ఒప్పుకున్న రెండు ఇళ్లు, గొల్లపూడిలో లేబర్ కాంట్రాక్టు మీద ఒక ఇల్లు, ఒక ప్రభుత్వ పాఠశాల ప్రహరీ. పోయిన ఏడాది 1.6 కోట్లు వచ్చాయి, అంతా బ్యాంకు ద్వారానే. రిటర్నులో 9.6 లక్షల లాభం చూపించాం. కానీ శనివారం వస్తే కూలీలకివ్వడానికి చేతిలో డబ్బుండదు. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి 6 లక్షలు తెచ్చాను. రెండేళ్లుగా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది. ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాడు నెలకోసారి వచ్చి బిల్లులు ఎక్కించి వెళ్తాడు. ఇప్పుడు కాంట్రాక్టర్ల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ 1.4 లక్షలకు ఇస్తామంటున్నారు. కొనమంటారా? మంగళగిరిలో కొత్త ఇల్లు ఒప్పుకుంటే 8 లక్షల అడ్వాన్సు వస్తుంది. దాంతో నగలు విడిపించుకోవచ్చా?

జవాబు: సాఫ్ట్‌వేర్ కొనకండి. ఆ డబ్బు ముందు కూలీల శనివారం బట్వాడాకు పనికొస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన అంకె 9.6 లక్షలు. 1.6 కోట్లలో సరిగ్గా 6 శాతం. అంటే అది మీకు మిగిలిన లాభం కాదు, పన్ను కోసం అనుకున్న లాభం. ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లు బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద కనీసం 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం చూపిస్తారు. ఖర్చుల లెక్క చూపించే పని ఉండదు. పన్ను వరకు హాయిగానే ఉంటుంది. కానీ ఆ హాయిలో పడి, అసలు ఎంత మిగిలిందో మీరూ చూసుకోలేదు, ఆడిటర్ గారూ చూడలేదు. 15 లక్షలు మిగిలి ఉండొచ్చు, 3 లక్షలు చేతినుంచి పోయి ఉండొచ్చు. నగల తాకట్టు చూస్తే రెండోదే నిజమేమో అనిపిస్తోంది.

ఇక మీ టాలీ సంగతి. నెలకోసారి వచ్చే కుర్రాడు జీఎస్‌టీ కోసం సిమెంటు, ఇనుము బిల్లులు ఎక్కిస్తాడు. బిల్లు లేనివాటి మాటేమిటి? మేస్త్రీకిచ్చిన అడ్వాన్సు, ముఠా కూలీ, సెంట్రింగ్ అద్దె, ఇసుక ట్రిప్పులు? 2024 జులై నుంచి ఇసుక ఉచితమే గానీ లోడింగూ లారీ కిరాయీ ఉచితం కాదు కదా. వన్‌టౌన్‌లో పాతకాలపు వ్యాపారులు దుకాణం కట్టేసే ముందు చిట్టా, అంటే ఆ రోజు వచ్చిందీ పోయిందీ రాసే పుస్తకం, రాసేవారు. ఖాతాల వారీగా తీసే ఆవర్జా తర్వాతైనా తీసుకోవచ్చు, చిట్టా మాత్రం ఏ రోజుది ఆ రోజే పడాలి. టాలీ క్షణంలో ఆవర్జా తీసిపెడుతుంది. చిట్టా మీరే రాయాలి. లక్షన్నర పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా అంతే.

టాలీలో ఖర్చును పని వారీగా విడదీసే కాస్ట్ సెంటర్ అనే సదుపాయం ఉంది, మీది ఎవరూ ఆన్ చేసి ఉండరు. నాలుగు సైట్లకు నాలుగు, ఆఫీసుకు ఒకటి పెట్టించండి. ఇక రాసే ప్రతి ఖర్చుకూ "ఏ సైటుది?" అని అది అడుగుతుంది. సామానుకు కూడా టాలీలోనే సైటుకో గోడౌన్ పేరు పెట్టించండి. కానూరులో దించిన సిమెంటులో ఇరవై బస్తాలు ఆటోలో పోరంకి వెళ్తే ఆ సాయంత్రమే కానూరులో తగ్గించి పోరంకిలో కలపాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. కానీ నేను చూసిన కాంట్రాక్టర్ల లెక్కల్లో ఎక్కువ తేడా పడింది ఇలా ఆటోల్లో తిరిగిన సామాను దగ్గరే. ప్రతి మేస్త్రీకీ విడిగా ఖాతా తెరవండి. అడ్వాన్సు ఎంత తీసుకున్నాడు, కొలతల ప్రకారం ఎంత పని చేశాడు, రెండూ పక్కపక్కన కనపడాలి. రోజూ రాత్రి ఎవరో ఒకరు పావుగంట కూర్చుని ఎక్కిస్తే చాలు. ఆ కుర్రాడికి కొంచెం ఎక్కువిచ్చి వారానికి రెండుసార్లు రమ్మన్నా ఫరవాలేదు.

ఇప్పుడు కానూరు ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నావి, మీవి వేసి చూసుకోండి. 2,400 చదరపు అడుగులు, అడుగుకు 1,850 చొప్పున, జీఎస్‌టీ కాకుండా ఒప్పందం 44.4 లక్షలు. పని 55 శాతం అయిందనుకోండి, మీరు సంపాదించింది 24.42 లక్షలు. ఓనరు ఇప్పటికే 30 లక్షలిచ్చాడు. తేడా 5.58 లక్షలు మీ బ్యాంకులో ఉన్నా మీవి కావు. ఆయన ఇంటికి ఇంకా చేయాల్సిన పని అది. ఆ డబ్బుతో పోరంకిలో స్లాబు వేస్తే సొమ్మొకడిది సోకొకడిది అయినట్టే. రేపు కానూరులో ప్లాస్టరింగ్ మొదలయ్యేసరికి చేయి ఖాళీ. అప్పుడు మూడో సైటు అడ్వాన్సు కావాలి. మీ శనివారాల టెన్షన్ ఇక్కడినుంచే వస్తోందని నా అనుమానం.

ప్రహరీ పనిలో దీనికి తలకిందులు. అక్కడ మీ డబ్బే బయట ఉంది. 10 లక్షల బిల్లుకు 1.8 లక్షల జీఎస్‌టీ కలిపితే 11.8 లక్షలు. అందులో టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసుకునే పన్ను, 10 లక్షల మీద ఆదాయపు పన్నుకు 1 శాతం, 10 వేలు. ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే జీఎస్‌టీ టీడీఎస్ 2 శాతం, 20 వేలు. లేబర్ సెస్ 1 శాతం, 10 వేలు. ఆపైన ఒప్పందం ప్రకారం ఆపుకునే డిపాజిట్. బ్యాంకులో పడిన మొత్తాన్నే ఆదాయంగా రాస్తే మిగతావన్నీ లెక్కలోంచి మాయమవుతాయి. పూర్తి బిల్లు రాసి, కోత ఒక్కోదానికీ విడిగా ఖాతా పెట్టించండి. జీఎస్‌టీ టీడీఎస్‌ను పోర్టల్‌లో మీరు అంగీకరిస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే జీఎస్‌టీ కట్టడానికి వాడుకునే ఖాతాలోకి, వస్తుంది. ఏడాదంతా దాని జోలికి వెళ్లనివాళ్లు చాలామంది ఉన్నారు, ఒకసారి తెరిచి చూడండి. డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుందో తేదీ రాసిపెట్టుకోండి, వాళ్లు గుర్తు చేయరు.

గొల్లపూడిది విడిగా ఒక్క కుటుంబానికి కట్టే ఇల్లై, మీది కేవలం లేబర్ కాంట్రాక్టే అయితే దానికి జీఎస్‌టీ లేదు. ఆ సైటు కోసం కొన్న వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకోకూడదు, అంటే వాటికి కట్టిన జీఎస్‌టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోకూడదు. ఏ బిల్లు ఏ సైటుదో రాసి ఉంటేనే ఆడిటర్ గారు అది విడదీయగలరు.

ఇంటి ఖర్చుకు నెలకు ఇంత అని ఒకేసారి తీసుకోండి. సైటు డబ్బులోంచి కరెంటు బిల్లు, పిల్లల ఫీజు కట్టడం ఆపేయండి.

నగల మాటకొద్దాం. మంగళగిరి అడ్వాన్సు 8 లక్షల్లో జీఎస్‌టీ కూడా కలిసి ఉంటే సుమారు 1.22 లక్షలు ప్రభుత్వానివి. సేవల మీద అడ్వాన్సు తీసుకున్నప్పుడే పన్ను లెక్కలోకి వస్తుంది. మిగిలిన 6.78 లక్షలు ఆ ఇంటి పునాదికి. దాంట్లోంచి 6 లక్షలు తీసి నగలు విడిపిస్తే పునాది దేంతో తవ్విస్తారు? మళ్లీ అవే నగలు బ్యాంకుకు వెళ్తాయి. ఆ 6 లక్షలు ఏ సైటు కోసం తెచ్చారో గుర్తుచేసుకుని, వడ్డీని ఆ సైటు ఖర్చులోనే రాయించండి. ఆ సైటు రేటు గిట్టిందో లేదో అప్పుడు తేలుతుంది. గిట్టలేదంటే, మంగళగిరి ఓనరుతో అదే చదరపు అడుగు రేటుకు సంతకం పెట్టకండి.

సైటుకో ఇంజినీరు ఉండి, సామాను ఇండెంటు వాళ్లే ఫోన్లోంచి పెట్టే స్థాయికి మీరు వస్తే ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ గురించి మళ్లీ అడగండి. ఇప్పటికి, వచ్చే శనివారం బట్వాడాకు ముందే ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు సైట్లకూ మూడేసి అంకెలు రాయండి: వచ్చింది, చేసిన పని విలువ, పెట్టిన ఖర్చు. మంగళగిరి అడ్వాన్సు తీసుకోవాలా వద్దా అన్నది ఆ కాగితం చూశాకే.