అటెన్‌బరోలను లెక్కపెట్టబోతున్న నీకు

అమ్మడూ,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. డిజర్టేషన్‌కి అరుదైన బ్రిటిష్ ఇంటిపేరు ఒకటి తీసుకుని, అది ఏ కాలంలో ఎక్కడెక్కడ ఉంది, ఎంతమందికి ఉంది అన్నది చూస్తానన్నావు. ఆ పేరు అటెన్‌బరో అని చెప్పగానే నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ పేరున్న ఊరు నాటింగ్‌హామ్ పక్కనున్న మా బీస్టన్‌కి రెండు మైళ్లు. మీ పెదనాన్న ఉద్యోగం కోసం 1982లో ఇక్కడికి వచ్చాం. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నేను లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగంలో పనిచేశాను. తాత ముత్తాతల పేర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి రిజిస్టర్లు తీసి ఇవ్వడమే నా పని. వాళ్లు ఎక్కడ తప్పటడుగు వేస్తారో చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. ఫోన్లో చెప్తే మర్చిపోతావు. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు అరుదైనది కాబట్టి లెక్కలు సరిపోవేమో అని టెన్షన్ పడుతున్నావు. పడకు. అదే నీ బలం. స్మిత్ అనే పేరు తీసుకుంటే లక్షలమంది ఉంటారు, వాళ్లకి ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ ఉండదు. ఊరూరా కమ్మరి ఉండేవాడు, ప్రతి కమ్మరీ ఒక స్మిత్ అయ్యాడు. అటెన్‌బరో అలా కాదు. లీసెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2009లో 40 ఇంటిపేర్లున్న 1678 మంది మగవాళ్ల వై క్రోమోజోములు పరీక్షించి ప్రచురించారు. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు వచ్చినట్టే ఆ క్రోమోజోమూ వస్తుంది కదా. స్మిత్‌ల మధ్య ఏ పోలికా కనబడలేదు. అటెన్‌బరోల్లో మాత్రం అత్యధికులది ఒకటే రకం. అంటే ఎప్పుడో ఒక మనిషి దగ్గర మొదలైన పేరన్నమాట. కాబట్టి నువ్వు లెక్కపెడుతున్నది ఒక పేరును మాత్రమే కాదు, దాదాపుగా ఒక వంశాన్ని. ఎంతమంది అని అడిగి ఊరుకోకు, ఎవరెవరు అని కూడా అడుగు. అంత కొద్దిమందే ఉన్నప్పుడు ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

పేరుకి అర్థం దగ్గర ఒక చిక్కుంది. అటెన్‌బరో ఊరిపేరు అడ్డా అనే పాతకాలపు మనిషి పేరు మీద వచ్చిందంటారు, అడ్డా గారి కోట అని. కానీ మధ్యయుగాల ఇంగ్లిషులో అటెన్ అంటే 'దగ్గర' అని కూడా వాడుక ఉండేది. అటెన్ యాష్, అంటే యాష్ చెట్టు దగ్గర ఉండేవాడు, కాలక్రమంలో నాష్ అయ్యాడు. ఆ లెక్కన అటెన్‌బరో అంటే దిబ్బ దగ్గర ఉండేవాడు అని కూడా అయ్యుండొచ్చు. ఏది నిజమో నిఘంటువు ఒక్కటే చెప్పలేదు, నీ మ్యాపు కూడా చెప్పాలి. దిబ్బలు దేశమంతా ఉంటాయి కాబట్టి, పేరు దిబ్బ నుంచి వచ్చి ఉంటే నాలుగైదు చోట్ల విడివిడి గుంపులు కనబడాలి. ఊరి నుంచి వచ్చి ఉంటే గుంపు ఈ ట్రెంట్ నది ఒడ్డునే ఉండాలి.

ఇక్కడొక సంగతి, మన ఇంటిపేర్లు తెలిసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. గురజాడ కృష్ణా జిల్లాలో ఒక ఊరు. ఆ పేరు మోసిన అప్పారావు గారు బతికింది విజయనగరంలో. గురజాడలో ఉన్నవాణ్ణి గురజాడవాడని ఎవరూ ప్రత్యేకంగా పిలవరు, అక్కడ అందరూ గురజాడవాళ్లే. ఊరు దాటి వెళ్లాకే ఆ పేరు అతుక్కుంటుంది. ఇంగ్లండులో ఊరిపేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లూ ఎక్కువగా అంతే. అందుకని అటెన్‌బరో ఊళ్లోనే అటెన్‌బరోలు కిక్కిరిసి ఉండాలని అనుకోకు. చుట్టూ ఐదారు మైళ్లలో ఉన్న ఊళ్లు ముందు చూడు.

మొదలు ఎక్కడ పెట్టాలంటే, 1881లో. ఆ ఏడాది ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ఇంగ్లండు, వేల్స్, స్కాట్లాండుల్లో రాసుకున్న జనాభా లెక్క అది. తర్వాత వేలమంది స్వచ్ఛందంగా కూర్చుని మొత్తం ఎత్తిరాశారు. పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి. అందరూ ఉన్న ఇంటి ప్రకారం ఒక మ్యాపు గీసి ఆగిపోతారు. నువ్వు రెండు గియ్యి. ఒకటి ఆ రాత్రి ఎక్కడ ఉన్నారో, ఇంకొకటి ఎక్కడ పుట్టారో. రెండిటికీ మధ్య ఉన్న తేడాయే వలస. అరవై ఏళ్ల ముసలాయన పుట్టిన ఊరు నిన్ను 1820ల దాకా తీసుకెళ్తుంది. ఒక్క రాత్రి లెక్కలోంచి అరవై ఏళ్ల కథ బయటికొస్తుంది. కోడళ్లుగా వచ్చినవాళ్లని మాత్రం రెండో మ్యాపులోంచి తీసెయ్యి. వాళ్లు పుట్టినప్పుడు ఆ పేరు వాళ్లది కాదు.

లండన్‌లో కొన్ని చుక్కలు పడతాయి. విక్టోరియా కాలంలో అక్కడ అటెన్‌బరో అంటే తాకట్టు దుకాణాలకి పేరుమోసిన కుటుంబం. అది చూసి లండన్ ఒక పుట్టిల్లు అనుకోకుండా, ఇంట్లో పెద్దవాళ్లు పుట్టిన ఊరు గడి చదువు. ఇక్కడ నాటింగ్‌హామ్ పక్క ఊళ్లలో మనుషులు మారడానికి పెద్ద కారణం లేసు. మన నర్సాపురంలోలా చేత్తో అల్లింది కాదు, మిషన్ల మీద నేసింది. బీస్టన్, లాంగ్ ఈటన్‌లలో ఫ్యాక్టరీలు వచ్చాయి, పని ఉన్నచోటికి పిల్లలు వెళ్లారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట, ఈ చుట్టుపక్కల పేరే ఒకటి తీసుకుని, కౌంటీలకి, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, రంగులు వేసిన మ్యాపుతో ఒక చిన్న సభలో మాట్లాడాను. ఆ పేరు నాటింగ్‌హామ్‌షైర్ వదిలి డెర్బీషైర్‌కి తరలిపోయిందని గట్టిగా చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, 'వాళ్లు మా మేనత్తలమ్మా, ఏరు దాటి అవతలి గట్టుకి మారారు, అంతే' అన్నారు. ఆ ఏరు ఎరివాష్. అటెన్‌బరో దగ్గరే ట్రెంట్‌లో కలుస్తుంది. అది రెండు కౌంటీల మధ్య సరిహద్దు. నడిచి వెళ్లే దూరం నా మ్యాపులో కౌంటీ దాటిన వలసగా కనబడింది. ఆయన లేవకపోతే అదే అచ్చులోకి వెళ్లేది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నీ పేరుకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. 1837 జులై 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో జననాలు, పెళ్లిళ్లు, మరణాలు ప్రభుత్వం నమోదు చేసింది. ఆ సూచికల్లో ఊరిపేరు ఉండదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు మాత్రమే ఉంటుంది. షార్డ్‌లో అనే జిల్లా డెర్బీషైర్ పేరు మీద నడిచేది కానీ, నాటింగ్‌హామ్‌షైర్, లీసెస్టర్‌షైర్ ఊళ్లు కొన్ని కూడా దాని కిందే ఉండేవి. సూచిక చూసి డెర్బీలో పుట్టాడని రాసేస్తే తప్పైపోతుంది. నువ్వు పారిష్ స్థాయిలోనే, అంటే ఒక్కో చర్చి పరిధి ప్రకారమే, చుక్కలు పెట్టు. కౌంటీ రంగులు అస్సలు వద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. రట్లండ్ అనే చిన్న కౌంటీలో 1881లో ఉన్నది దాదాపు 21 వేలమంది. అక్కడికి నీ పేరున్న కుటుంబం ఒక్కటి, ఐదుగురు పిల్లలతో వెళ్లిందనుకో. ఏడుగురు. పది లక్షలకి 333 అని వస్తుంది. మ్యాపులో రట్లండ్ ఎర్రగా మండిపోతుంది. చూసేవాళ్లు ఆ పేరు అక్కడే పుట్టిందనుకుంటారు. అక్కడున్నది ఒక అమ్మా, ఒక నాన్నా, వాళ్ల పిల్లలూ.

అలాగని పది లక్షలకి ఎంత అన్న లెక్క మానెయ్యమని కాదు. కాలాన్ని కాలంతో పోల్చాలంటే అదే కావాలి. ఊరికే ఉదాహరణకి చెప్తున్నా, ఒక పేరువాళ్లు 1881లో 260 మంది, 2011లో 560 మంది అనుకో. రెట్టింపు దాటారని సంబరపడతాం. కానీ ఇంగ్లండు, వేల్స్‌ల జనాభా ఆ మధ్యలో 2 కోట్ల 60 లక్షల నుంచి 5 కోట్ల 60 లక్షలైంది. అప్పుడూ పది లక్షలకి పదిమందే, ఇప్పుడూ పదిమందే. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 1881 జనాభా లెక్కనీ 1998 ఓటర్ల జాబితానీ పక్కపక్కన పెట్టి ఇంటిపేర్ల మ్యాపులు చేశారు, తప్పకుండా చూడు. అయితే జనాభా లెక్కలో చంటిపిల్లలూ ఉంటారు, ఓటర్లలో ఉండరు. కాబట్టి దేని మొత్తంతో దాన్ని భాగించు.

1881 నుంచి వెనక్కి వెళ్లేకొద్దీ ఆధారాలు పలచబడతాయి. 1851 లెక్క మంచిది, పుట్టిన పారిష్ ఉంటుంది. 1841లో ఈ కౌంటీలో పుట్టారా లేదా అన్న మాట ఒక్కటే ఉంటుంది, పెద్దవాళ్ల వయసు కూడా ఐదుల్లోకి తగ్గించి రాసేవారు. అంతకుముందు చర్చి రిజిస్టర్లే, అవి 1538లో మొదలయ్యాయి. అటెన్‌బరో చర్చిలో బాప్టిజం అయిందని ఉంటే ఆ ఊళ్లో కాపురం ఉన్నారని తేల్చెయ్యకు. చిల్‌వెల్, టోటన్ వాళ్లూ ఆ చర్చికే వచ్చేవారు. ఇంటికి ఎన్ని పొయ్యిలుంటే అంత కట్టించుకున్న పొయ్యి పన్ను జాబితాలు ఈ కౌంటీకి 1664వీ 1674వీ అచ్చులో దొరుకుతాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1377, 1379, 1381ల తలపన్ను జాబితాలు, మిగిలినంత వరకు. అక్కడ కనబడే అటెన్‌బరో వంశపు పేరో, ఆ ఊరి నుంచి వచ్చినవాడన్న అర్థంలో రాసిన మాటో చెప్పడం కష్టం. తండ్రీకొడుకులిద్దరికీ ఉందని చూపగలిగితేనే ఇంటిపేరు అని రాయి.

ముందుకి వస్తే 1921 దాకా ఫర్వాలేదు. అది 2022 జనవరిలో బయటికొచ్చింది. 1931 లెక్క 1942లో మంటల్లో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తియ్యనే లేదు. ఆ ఖాళీకి 1939 సెప్టెంబర్ 29న రాసిన రిజిస్టర్ ఒక్కటే దిక్కు. అందులో ఆడవాళ్ల పేర్లు తర్వాత పెళ్లయ్యాక కొట్టేసి కొత్త ఇంటిపేరు రాశారు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా చూసుకో.

అక్షరదోషాల దగ్గర ఓపిక పట్టు. రాసినవాడు వినికిడిని బట్టి రాశాడు. అటెన్‌బరోకి చివర 'బరో' అన్న ముక్కనే మూడు నాలుగు విధాలుగా రాసేవారు. చేతిరాతలో రెండు 'టీ'ల మీద అడ్డగీత పడకపోతే 'ఎల్'లుగా చదివేస్తారు, అప్పుడు నీ కుటుంబం అల్లెన్‌బరో అయిపోతుంది. పదిమంది తక్కువైతే స్మిత్‌కి ఏమీ కాదు. నీకు ఒక ఊరే మాయమవుతుంది. ఒక లెక్కలో కనబడి పదేళ్ల తర్వాత కనబడని ప్రతి ఇంటినీ పేరుపేరునా వెతుకు. చనిపోయారా, వలసపోయారా, తప్పుగా రాశారా అన్నది తేలాకే తగ్గిందని రాయి.

నిజంగానే తగ్గితే దానికి పెద్ద కారణం వెతకనక్కర్లేదు కూడా. ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయని గాల్టన్ అనే శాస్త్రవేత్త 1873లో ఒక ప్రశ్న వేశాడు. వాట్సన్ అనే మతాచార్యుడు దానికి గణితం కట్టాడు. ఒక ఇంట్లో ఆడపిల్లలే పుట్టారు, ఇంకో ఇంట్లో పిల్లలే లేరు, మరో ఇంట్లో కొడుకు యుద్ధంలో పోయాడు. ఇలా అరుదైన పేరు ఊరికే ఆరిపోగలదు.

పేరు ఎలా పాకుతుందో చూపడానికి నీ దగ్గర అందరికీ తెలిసిన కుటుంబం ఉంది. ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫోర్డ్‌లో పుట్టారు. అటెన్‌బరో ఊరికి నాలుగైదు మైళ్ల లోపే. చదువుకుని పైకొచ్చి 1932లో లీసెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. గాంధీగారి మీద సినిమా తీసిన రిచర్డ్ ఆయన పెద్దబ్బాయి, కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. జంతువుల గురించి చెప్పే డేవిడ్ లండన్ పక్క ఐజల్‌వర్త్‌లో పుట్టారు. వందల ఏళ్లు కొన్ని మైళ్లలో తిరిగిన పేరు ఒక్క తరంలో, తండ్రి ఉద్యోగం వెంట, మూడు పట్టణాలకు చేరింది. 1966లో ఆ డేవిడే వచ్చి అటెన్‌బరో చెరువుల దగ్గర ప్రకృతి సంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు.

కానీ వాళ్లు తప్ప బతికున్న వాళ్లెవరి పేరూ నీ కాగితాల్లో ఉండకూడదు. పేరు అరుదైనప్పుడు ఊరూ వయసూ రాస్తే చాలు, మనిషి దొరికిపోతాడు. 2007లో తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన ఒక అరుదైన ఇంటిపేరువాళ్లు 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికాలో మాత్రమే తెలిసిన వై రకం కనబడింది. పరిశోధకులు తమ పత్రంలో ఆ పేరు రాయలేదు. నువ్వూ ఆ పద్ధతే పాటించు. డీఎన్‌ఏ దాకా వెళ్తే, ఎవరి తాతకి ఎవరు తండ్రో తెలిసిపోయే విషయం అది. అడక్కుండా ముట్టుకోకు.

ఇంకా మొదలుపెట్టకముందే గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్‌లో ఈ పేరు ఎవరైనా నమోదు చేసుకున్నారేమో చూడు. 1979 నుంచి ఉన్న సంస్థ అది. ఒక్కో పేరు మీద ముప్పై ఏళ్లు కష్టపడినవాళ్లు ఉంటారక్కడ, మర్యాదగా రాస్తే ఎంతైనా చెప్తారు.

వచ్చే శనివారం వచ్చెయ్. నాటింగ్‌హామ్‌లో డెర్బీ వైపు రైలెక్కితే మా స్టేషన్ తర్వాతదే అటెన్‌బరో. ముందు చర్చి చూసి, అక్కడి నుంచి ఎరివాష్ గట్టు మీదకి నడుద్దాం. ఎంత సన్నటి ఏరో నీ కళ్లతో చూద్దువుగాని. 1881వి ఆ రెండు మ్యాపులూ పెన్సిల్‌తో గీసి తీసుకురా. ఉలవచారు పెడతాను.

నీ పెద్దమ్మ