స్కాలర్‌షిప్ వచ్చాక రెండో ఏడాది ఎందుకు ఆగిపోతుంది?

ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు స్కాలర్‌షిప్ ఎంతవరకు సాయపడుతుందని అడిగారు. చాలా సాయపడుతుంది. ఫీజు కట్టడం దాని పనుల్లో ఒకటి మాత్రమే, దానికంటే పెద్ద లాభం టైమ్. వారానికి 20 గంటలు పనికి పోవాల్సిన కుర్రాడు 10 గంటలతో నెట్టుకురాగలిగితే, మిగిలిన 10 గంటలు ల్యాబ్ రికార్డుకూ, అర్థంకాని లెక్క పట్టుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లడానికీ దొరుకుతాయి.

కానీ ఫీజు మాఫీ అయినవాళ్లు కూడా హాస్టల్ అడ్వాన్సు దగ్గరో, పుస్తకాల దగ్గరో ఆగిపోతుంటారు. అవి క్లాసులు మొదలుకాకముందే కట్టాలి. స్కాలర్‌షిప్ డబ్బేమో చాలాచోట్ల అడ్మిషన్ ఖరారయ్యాక గానీ రాదు. ఇంట్లోవాళ్లు అప్పు చేసేది ఆ మధ్యలోనే. అందుకే మంజూరు లెటర్ చేతికి రాగానే ఎంత ఇస్తున్నారన్నదానితో పాటు ఎప్పుడు ఇస్తారో చూడండి. ఆలస్యమయ్యేట్టుంటే, గడువు దాటకముందే ఆ లెటర్ కాపీ జతచేసి ఫీజు సెక్షన్‌లో వాయిదా కోరుతూ అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. కౌంటర్ దగ్గర "సరేలే, చూద్దాం" అన్న మాటను రేపు ఎవరూ ఒప్పుకోరు.

ఇంకో సంగతి. పేదరికాన్ని కళ్లకు కట్టినట్టు రాయమని పదిహేడేళ్ల పిల్లల్ని అడిగే దరఖాస్తులంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆదాయం కాగితం ఎలాగూ తీసుకుంటున్నారు కదా, మళ్లీ ఆ ఏడుపు ఎందుకు?

సరే, అసలు దెబ్బ రెన్యువల్ దగ్గర, అంటే స్కాలర్‌షిప్‌ని తర్వాతి ఏడాదికి పొడిగించే దగ్గర. ఒక్కో సబ్జెక్టుకు ఇన్ని అని కాలేజీ లెక్కపెట్టే పాయింట్లే క్రెడిట్లు. ఒక విద్యార్థి సెమిస్టర్‌కి 15 క్రెడిట్లు తీసుకున్నాడనుకోండి. ఒక సబ్జెక్టు మింగుడుపడక, తప్పితే మార్కులు పోతాయన్న భయంతో మధ్యలో వదిలేశాడు. దానికి 4 క్రెడిట్లు. మిగిలింది 11. ఫుల్‌టైమ్ అంటే కనీసం 12 అని షరతు ఉంటే, మార్కులు ఎంత బాగున్నా ఆ ఒక్క క్రెడిట్‌తో స్కాలర్‌షిప్ పోతుంది. కొన్నిచోట్ల ఇచ్చింది కూడా వెనక్కి కట్టమంటారు. చదువుకున్న అక్కో బాబాయో ఇంట్లో ఉంటే "వదిలేముందు స్కాలర్‌షిప్ ఆఫీసులో అడగరా" అనేవారు. ఇక్కడ ఆ మాట చెప్పేవాళ్లే లేరు. డబ్బుతో పాటు ఒక మెంటర్‌ని కూడా ఇచ్చే స్కాలర్‌షిప్, మొత్తం కాస్త తక్కువైనా, మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

రెండో స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు కూడా జాగ్రత్త. దాన్ని చూపించి కాలేజీ తానిచ్చే సాయం తగ్గించవచ్చు. ఆ సాయంలో లోన్ కూడా ఉంటే, కోత ఆ లోన్ భాగంలో పెట్టమని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే ఉచితంగా వచ్చే భాగానికే కోత పడొచ్చు.

జబ్బు చేసో, ఇంట్లో ఆపద వచ్చో మార్కులు తగ్గి స్కాలర్‌షిప్ ఆగితే, అప్పీలుకు దారి ఉందేమో అడగండి. ఒక పేజీ చాలు: ఏం జరిగింది, ఏ తేదీల మధ్య, ఇప్పుడు పరిస్థితి ఎలా మారింది, వచ్చే సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులు పూర్తిచేస్తారు. ఆస్పత్రి కాగితం, లెక్చరర్ లెటర్ జతచేయండి. గడువు రెండు వారాలే ఉండొచ్చు కాబట్టి రిజల్ట్స్ వచ్చిన రోజే మొదలుపెట్టండి.