నైరోబీకి బయలుదేరే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నైరోబీలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న పిల్లలకు ఆరు నెలలు సేవ చేసి రావాలనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. గుంటూరులో పాతికేళ్లు నర్సు ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత నైరోబీలోనే ఒక పిల్లల ఆశ్రమంలో పదకొండు నెలలు గడిపి వచ్చినదాన్ని గనుక వెళ్లవద్దని అనను. అయితే నేను ఆలస్యంగా నేర్చుకున్నవి నువ్వు విమానం ఎక్కకముందే తెలుసుకోవాలని ఇంత రాస్తున్నాను.

కాగితాల సంగతి ముందుగా చూసుకో. కెన్యా 2024 నుంచి వీసాకు బదులు ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి ఇస్తోంది గానీ, దానితో వెళ్లి పని చేయకూడదు. జీతం తీసుకోకపోయినా పని పనే. దానికి పర్మిట్ వేరే ఉంటుంది. ‘టూరిస్టుగా వచ్చేయండి, మేం చూసుకుంటాం’ అనే సంస్థను అక్కడితో వదిలేయి. నీ నడవడి గురించి పోలీసు ధ్రువపత్రం అడగని సంస్థ దగ్గరికీ వెళ్లకు; నిన్ను అడగనివాళ్లు ఎవరినీ అడగరు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో, అంటే ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థలో వేస్తారు. ఆ కార్డు లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

సంస్థను ఎంచుకోవడంలో తొందరపడకు. 1992లో ఏంజెలో డగస్టీనో అనే క్యాథలిక్ ఫాదరు నైరోబీలో ‘న్యుంబాని’ ఆశ్రమాన్ని తెరిచే నాటికి హెచ్‌ఐవీ ఉన్న పిల్లలను ఇంట్లో పెట్టుకునేవాళ్లు అరుదు. ఆ పిల్లలను చేర్చుకోబోమని సర్కారు బడులు మొండికేస్తే విషయం కోర్టుకెక్కి, 2004లో గాని ఆ తలుపులు తెరుచుకోలేదు. ఇప్పుడు మందులు అందుతున్నాయి, పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతున్నారు. కెన్యా కూడా 2017 నుంచి కొత్త అనాథాశ్రమాలకు అనుమతులు నిలిపివేసి, పిల్లలను బంధువుల ఇళ్లకే చేర్చాలని చూస్తోంది. కాబట్టి అమ్మమ్మల దగ్గరో మేనత్తల దగ్గరో ఉన్న పిల్లల ఇంటికి వెళ్లి పనిచేసే సంస్థను వెతుక్కో. న్యుంబాని వారే మురికివాడల్లో ‘లెయా తోతో’ పేరుతో అటువంటి పని నడుపుతున్నారు. డబ్బు కట్టించుకుని పదిహేను రోజులు పిల్లలను ఎత్తుకుని తిరగనిచ్చే ఏజెన్సీలంటే నాకు ఒళ్లు మంట.

అక్కడ రోజంతా మందు వేళ చుట్టూ తిరుగుతుంది. మందును వాళ్లు ‘దావా’ అంటారు. మన దవాఖానాలోని దవాయే అది. నేనున్న రోజుల్లో చిన్నపిల్లలకు లోపినావిర్ అనే హెచ్‌ఐవీ మందు సిరప్‌గా పట్టేవాళ్లం. వేపకషాయమే నయమనిపించే చేదు. ఒక బుడతడు దవడలు బిగించి, గొంతు కదిలించి మింగినట్టు నటించి, నేను అటు తిరగగానే కిటికీలోని పూలకుండీలో ఉమ్మేసేవాడు. మూడు రోజులకు గాని కనిపెట్టలేకపోయాను. అక్కడి ఆయా ఏమీ అనకుండా, వేరుశనగ ముద్ద కాస్త వాడి నాలుకకు రాసి, మందు పట్టి, మళ్లీ ఇంకాస్త ముద్ద పెట్టింది. వాడు చప్పరిస్తూ వెళ్లిపోయాడు. పాతికేళ్ల నా అనుభవానికి తెలియని కిటుకు అది. 2021 నుంచి అక్కడి పసివాళ్లకు నీళ్లలో కరిగే, స్ట్రాబెరీ రుచిగల డోలుటెగ్రావిర్ మాత్ర వచ్చింది. మన దేశంలో తయారయ్యేదే, బిడ్డకు ఏడాదికి 36 డాలర్లకు ఒప్పందం కుదిరింది. చేదు పోయింది గానీ వేళ తప్పితే వైరస్ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం పోలేదు. బరువును బట్టి మోతాదు మార్చడం నర్సు పని, అందులో చేయి పెట్టకు. నువ్వు గడియారం చూసుకో, గ్లాసు అడుగున మందు మిగిలిందేమో చూసుకో.

ఇక అన్నిటికంటే కష్టమైనది నోరు కట్టుకోవడం. ఒక తొమ్మిదేళ్ల పాప నా పక్కన కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ, ‘నాకు దగ్గు లేదు కదా ఆంటీ, మరి రోజూ దావా ఎందుకు?’ అని అడిగింది. అటువంటప్పుడు అబద్ధం చెప్పకూడదు, జబ్బు పేరూ చెప్పకూడదు. ‘నీకేమనిపిస్తోంది?’ అని అడిగి, చెప్పింది విని, ఆ మాట అదే రోజు కౌన్సెలర్ చెవిన వేయాలి. బడి వయసు పిల్లలకు, అంటే ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు, మెట్టు మెట్టుగా నిజం తెలియజెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఏ మెట్టు ఎప్పుడన్నది ఆ బిడ్డను పెంచేవాళ్లు నిర్ణయించుకుంటారు.

ఈ విషయంలో నేనే తప్పు చేశాను. బోసినోటితో నవ్వుతున్న ఒక పాప ఫొటో తీసి మన కుటుంబం గ్రూపులో పెట్టాను. వెనక అలమరలో మందు సీసా, దాని మీద పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ‘ఈ ఫొటో ఎంతమంది చూశారు?’ అని అక్కడి నర్సు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఫోను గదిలోనే వదిలి వెళ్లు. వాళ్ల కథలు ఇక్కడికి మోసుకురాకు, నాకు కూడా చెప్పకు.

కలిసి తింటే, ఎత్తుకుంటే అంటదని మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. సూది గుచ్చుకుంటే మాత్రం పిండకుండా సబ్బుతో కడిగి, వెంటనే క్లినిక్‌కు పరుగెత్తు. 72 గంటలు దాటకముందే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

నిన్ను ‘అమ్మా’ అని పిలవనివ్వకు. ఎత్తుకుని నిద్రపుచ్చే పని ఆయాలకు వదిలెయ్యి, వాళ్లు ఎల్లుండి కూడా అక్కడే ఉంటారు. చదువు చెప్పు, రికార్డులు సరిచెయ్యి, క్లినిక్‌కు తోడు వెళ్లు. వచ్చేసే తేదీ మొదటి వారంలోనే పిల్లలకు చెప్పు. మళ్లీ వస్తానని మాత్రం అనకు. నేను అన్నాను, వెళ్లలేదు.

పర్మిట్ చేతికి వచ్చేదాకా టికెట్ కొనకు. వచ్చాక రాయి.

నీ పెద్దమ్మ