కెమెరా ప్రశ్నలు: దారాలు షార్ప్‌గా, నాన్న ముఖం మసగ్గా

ప్రశ్న: మాది మంగళగిరి. నాన్న గుంట మగ్గం మీద చీరలు నేస్తారు. ఆయన పనిని వీడియోలో దాచుకోవాలని సెకండ్ హ్యాండ్‌లో కానన్ 1500డి కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొన్నాను. తీసేటప్పుడు కెమెరా స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది. టీవీలో వేస్తే నాన్న ముఖం మసక. మధ్యలో ఫోకస్ కోసం బటన్ నొక్కితే బొమ్మ ఊగిపోతోంది. లెన్స్ మార్చాలా?

జవాబు: మార్చకండి, అది మంచి లెన్స్. మీరు పంపిన క్లిప్ మూడుసార్లు చూశాను. పడుగు దారాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వాటి వెనక నాన్నగారి కళ్లే మసక.

ఫొటో తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం కింద ఉన్న సెన్సర్ ఫోకస్‌ని చటుక్కున పట్టేస్తుంది. వీడియోకి అద్దం పైకి లేస్తుంది, ఆ సెన్సర్‌కి వెలుతురు అందదు. అప్పుడు కెమెరా లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆగుతుంది. మీరు చూసిన ఊగుడు అదే. ఎదురుగా దారాల వరస ఉంటే అక్కడే ఆగిపోతుంది. 2013లో 70డి కెమెరాతో మొదలుపెట్టి కానన్ కొన్ని మోడళ్లలో బొమ్మ పట్టే సెన్సరే ఫోకస్ కూడా పట్టే డ్యుయల్ పిక్సెల్ పద్ధతి తెచ్చి ఈ బాధ తగ్గించింది. 1500డిలో అది లేదు.

పెళ్లి వీడియోల పనిలోకి వచ్చిన కొత్తల్లో తాళి కట్టే వేళ నేనూ ఇలాగే బటన్ సగం నొక్కాను. సరిగ్గా అప్పుడే అక్షింతలు పడ్డాయి. ఫోకస్ గాల్లో ఉన్న గింజల మీదికి పోయి తిరిగొచ్చేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి. తర్వాత ఆ వీడియో చూస్తూ పెళ్లికూతురి తండ్రి ఒక్క మాటా అనలేదు. ఆయన మౌనం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి రికార్డింగ్ మొదలయ్యాక ఆటోఫోకస్ జోలికి పోలేదు.

మీరూ లెన్స్ మీది స్విచ్‌ని ఎంఎఫ్‌లో, అంటే చేత్తో ఫోకస్ చేసే పద్ధతిలో, పెట్టండి. రికార్డ్ నొక్కకముందే భూతద్దం బటన్‌తో బొమ్మని 10 రెట్లు పెద్దది చేసి, నాన్నగారి కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా రింగ్ తిప్పండి. రికార్డింగ్ మొదలయ్యాక ఈ సౌకర్యం ఉండదు. మామూలుగా స్క్రీన్ చూసి నమ్మకండి. అందులో ఉన్నవి సుమారు 3 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షలు దాటతాయి. టీవీలో బయటపడే మసక అక్కడ కనిపించదు.

అసలు చిక్కు ఎఫ్/1.8తో ఉంది. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది, షార్ప్‌గా ఉండే మందం అంత తగ్గుతుంది. 2 మీటర్ల దూరంలో షార్ప్‌గా ఉండే మందం 11 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. నాన్నగారు ఒక్కసారి ముందుకు వంగితే ముఖం అందులోంచి బయటికి వచ్చేస్తుంది. ఎఫ్/5.6కి మారిస్తే జానెడున్నర దొరుకుతుంది. కానీ వెలుతురు పదో వంతుకు పడిపోతుంది. మగ్గం గదులు అసలే చీకటి. తలుపు పక్కన ఒక ఎల్ఈడీ లైటు పెట్టుకోండి, వెలుతురుకి కెమెరా స్పందనని పెంచే ఐఎస్ఓని 1600 దాకా పెంచినా ఫర్వాలేదు. బొమ్మలో కాస్త గ్రెయిన్, అంటే చుక్కల గరుకు, వచ్చినా ముఖం స్పష్టంగా ఉంటే చాలు.

లైటు కుదరకపోతే కెమెరాని నాన్నగారికి పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ఆయన వంగినప్పుడల్లా కెమెరాకి దగ్గరవుతారు. పక్కనుంచైతే ఎంత వంగినా దూరం పెద్దగా మారదు. ఎఫ్/2.8తో కూడా సరిపోతుంది. నాకు ఈ షాటే ఇష్టం, ఆయన భుజం, చేయి, చూపు ఒకే గీతలో వస్తాయి. పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె కోసం మాత్రం ఎదురుగా వెళ్లి వేరే షాట్ తీయండి. పక్కనుంచి చూస్తే అది మీ మీదికి వచ్చి వెనక్కి పోతూ ఉంటుంది, ఏ ఫోకసూ నిలవదు. కెమెరా కదిపే ముందు ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అదే దూరానికి రావచ్చు.

సెకనుకి 25 ఫ్రేములు తీస్తూ షటర్‌ని 1/50 సెకనులో పెడితే నాడె ఒక చారలా కనిపిస్తుంది. అది ఫోకస్ తప్పడం కాదు, దాని వేగం. దాన్ని అలాగే ఉంచండి.