8 అంగుళాల టెలిస్కోప్‌తో గురుగ్రహం మసకగా వస్తోంది: కెమెరా మార్చాలా?

8 అంగుళాల అద్దమున్న న్యూటోనియన్ టెలిస్కోప్‌తో గురుగ్రహాన్ని ఎన్నిసార్లు తీసినా మసకగానే వస్తోందని, ఇంకా మంచి కెమెరా కొనాలా లేక టెలిస్కోపే మార్చాలా అని అడిగారు. రెండూ అక్కర్లేదు. ఇదే కొలత అద్దంతో నేను ఆరేళ్లుగా పెరట్లోంచి గ్రహాలను తీస్తున్నాను. మొదటి రెండేళ్లూ మీరు పడుతున్న అవస్థే పడ్డాను, కెమెరాను కూడా ఒకసారి మార్చి చూశాను, ఫొటోలో వెంట్రుకవాసి తేడా రాలేదు. చిత్రాన్ని పాడుచేసేది గాలి. అందులోనూ పైనున్న ఆకాశపు గాలి కంటే ముందు మీ టెలిస్కోప్ గొట్టంలో ఉన్న గాలినే అనుమానించాలి.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన రాత్రి గురించి కొంచెం వివరంగా చెబుతాను. గురుడి ఉపగ్రహం గానిమీడ్ నీడ ఆ అర్ధరాత్రి దాటాక గ్రహబింబం మీదుగా సాగుతుందని ముందే చూసుకుని, తొమ్మిదింటికి టెలిస్కోప్‌ను గదిలోంచి బయటికి తెచ్చి, తెచ్చిన వెంటనే వీడియోలు తీయడం మొదలుపెట్టాను. తెర మీద గ్రహం అంచులు మరిగే ఎసరులా కుతకుతలాడుతున్నాయి. రెండు పట్టీలు ఉన్నాయని తెలుస్తోంది తప్ప వాటిలో ఒక్క వివరం కూడా కనబడటం లేదు. గంటన్నర సేపు తీసినవేవీ పనికిరాకపోవడంతో, గురుణ్ణి వదిలి దగ్గరలో ఉన్న ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీదికి టెలిస్కోప్‌ను తిప్పి, ఫోకస్‌ను కావాలనే కాస్త తప్పించాను.

నక్షత్రం నడుమ నల్లచుక్క ఉన్న వెలుగు వలయంగా విచ్చుకుంది. ఆ వలయంలో ఒక పక్క నుంచి అగరువత్తి పొగలాంటి సన్నని చార మెల్లగా మెలికలు తిరుగుతూ లేస్తోంది. పైవాతావరణంలోని కల్లోలమైతే వలయం మొత్తం మీదుగా ఏరు పారినట్టు ఒక దిక్కుకు వేగంగా సాగిపోతుంది. నేను చూస్తున్నది గదిలోని వెచ్చదనాన్ని ఇంకా వదలని అద్దం మీంచి, గొట్టం లోపలే లేస్తున్న వేడిగాలి. అద్దానికీ బయటి గాలికీ రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే చాలు, గ్రహం మీది సన్నని వివరాలన్నీ చెరిగిపోతాయి. పైగా నడుమ ఉండవలసిన నల్లచుక్క ఒక పక్కకు ఒరిగి ఉంది, అంటే కాలిమేషన్ (అద్దాలు ఒకదానితో ఒకటి సరిగ్గా వరుసలో ఉండటం) కూడా తప్పింది.

ప్రధాన అద్దం వెనకనున్న స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చుకుంటూ, చుక్క సరిగ్గా నడుమకు వచ్చేదాకా సరిచేశాను. ఆ తరువాత అద్దం వెనక చిన్న ఫ్యాను ఆన్ చేసి, రెండు గంటల పాటు ఒక్క వీడియో కూడా తీయకుండా కూర్చున్నాను. ఒంటిగంట ప్రాంతంలో చూస్తే పొగచార మాయమైంది. గురుడి మీదికి తిరిగి వచ్చేసరికి బింబం అంచు గీత గీసినట్టు నిలిచి ఉంది, గానిమీడ్ నీడ సూదితో పొడిచినంత నల్లగా కనిపిస్తోంది, ఉత్తర పట్టీ అంచు నుంచి నీలిరంగు తీగలు మధ్యరేఖ వైపు వేలాడుతున్నాయి. తొమ్మిదింటికీ ఒంటిగంటకూ మధ్య కెమెరా మారలేదు, టెలిస్కోప్ మారలేదు. ఆ తీగలు నా తెర మీద మొదటిసారి కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది.

కెమెరా నుంచి కావలసింది నిజానికి చాలా తక్కువ. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు కనుక, బింబం వెడల్పు 48 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఉన్నప్పుడు నడుమనున్న మచ్చ నిమిషానికి దాదాపు పావు ఆర్క్ సెకను జరుగుతుంది. 8 అంగుళాల అద్దం విడదీసి చూపగలిగేది సుమారు 0.58 ఆర్క్ సెకన్లు కాబట్టి, రెండు నిమిషాలకు మించి తీస్తే తిరుగుడు వల్లనే చిత్రం అలుక్కుపోతుంది. ఆ రెండు నిమిషాల్లో సెకనుకు 100 చొప్పున 12,000 ఫ్రేములు వస్తాయి. గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడిన 1,600 ఫ్రేములను ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఏరి కలిపితే నాయిస్ (చిత్రంలోని గరుకుదనం) 40వ వంతుకు దిగుతుంది. ఈ పనిని సాధారణమైన గ్రహ కెమెరాలు కూడా చక్కగా చేస్తాయి. 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్‌కు 2.5 రెట్ల బార్లో (చిత్రాన్ని పెద్దది చేసే లెన్సు) తగిలించి, 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాతో తీస్తే, గురుడి వెడల్పు మొత్తం 240 పిక్సెళ్లే వస్తుంది. అంతకంటే పెద్దగా చేస్తే మసకే పెద్దదవుతుంది. టెలిస్కోప్ పెట్టెల మీద వందల రెట్ల మాగ్నిఫికేషన్ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి కొత్తవాళ్లను ఆశపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అంతకంటే ఎక్కువగా బాధించేది మరొకటుంది. మసక చిత్రాన్ని రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, పదునుపెట్టే వేవ్‌లెట్ స్లైడర్లను చివరిదాకా జరిపి, లేని గీతలను పుట్టిస్తున్నారు. అతిగా షార్పెన్ చేస్తే కుజుడి వెలుగు అంచు లోపల ఒక దొంగ వలయం తేలుతుంది, శని వలయాల్లో లేని సందులు కనిపిస్తాయి. చూడటానికి బాగుంటే చాలదా అనేవాళ్లు 2009 జూలై 19 రాత్రిని గుర్తుచేసుకోవాలి. ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ అనే అమెచ్యూర్ ఖగోళ పరిశీలకుడు, గాలి బాగా లేక ఇక చాలిద్దామనుకుని కూడా మరికాసేపు కొనసాగించి, తన 14.5 అంగుళాల టెలిస్కోప్‌లో గురుడి దక్షిణ ధ్రువం దగ్గర ఒక కొత్త నల్లమచ్చను చూశాడు. అది ఉపగ్రహమో, దాని నీడో అయ్యే అవకాశం లేదని తేల్చుకున్నాక అందరికీ తెలియజేశాడు. షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలు గురుణ్ణి ఢీకొన్న 1994 జూలై తరువాత సరిగ్గా 15 ఏళ్లకు, మరో వస్తువు ఢీకొన్న మచ్చ అది. హబుల్ టెలిస్కోప్‌ను కూడా దాని వైపు తిప్పారు. తన చిత్రాల్లో దొంగ మచ్చలు పుట్టించుకునే అలవాటున్న మనిషి ఆ నల్లచుక్కను నమ్మి ఇతరులకు చెప్పగలిగేవాడు కాదని నా గట్టి నమ్మకం.

గ్రహం ఎత్తు కూడా చూసుకోండి. దిఙ్మండలానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, నడినెత్తిన ఉన్నప్పటికంటే రెట్టింపు గాలి గుండా చూస్తున్నట్టు లెక్క. ఈసారి టెలిస్కోప్‌ను సూర్యాస్తమయానికే బయట పెట్టి, రాత్రి మొదట ఒక నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి పది సెకన్ల వీడియో తీయండి. అందులోంచి ఒక ఫ్రేమును ఇక్కడ జతచేస్తే, చుక్క ఎటు ఒరిగిందో చూసి ఏ స్క్రూతో మొదలుపెట్టాలో చెబుతాను.