మీ హిమాలయన్‌కి ఇన్సూరెన్స్ ఉందనుకుంటున్నారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, చేతికి 52,000 వస్తుంది. భార్య, మూడేళ్ల పాప. కూర్మన్నపాలెంలో అద్దెకుంటున్నాం. ఇంటి ఖర్చు నెలకు 36,000, చీటీ 5,000. లక్ష చీటీ, ఇంకా ఏడు నెలలుంది. బ్యాంకులో 38,000 ఉంది. 2022 ఆగస్టులో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ మీద ఈ జూన్‌లో లద్దాఖ్ వెళ్లాలని ఉంది. మరమ్మతులకు 19,000, సస్పెన్షన్ 48,000, అల్యూమినియం సైడ్ బాక్సులు 36,000, లైట్లు 9,000, ఎగ్జాస్ట్ 17,000, జాకెట్, బూట్లు వగైరా 26,000, దారి ఖర్చు 45,000. మొత్తం 2 లక్షలు. పర్సనల్ లోన్ తీసుకోనా, నా భార్య బంగారం పెట్టనా, చీటీ పాడేయనా? బండికి 2027 వరకూ ఇన్సూరెన్స్ ఉంది.

జవాబు: మీరు చివర్లో అలవోకగా రాసిన ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం తీసుకున్నాను. 2027 వరకూ మీకున్నది థర్డ్ పార్టీ మాత్రమే, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతోపాటు ఇచ్చే ఓన్ డ్యామేజ్, అంటే మీ సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, చాలామందికి ఏడాదే ఉంటుంది. మీరు విడిగా రెన్యువల్ చేసినట్టు రాయలేదు కాబట్టి అది 2023 ఆగస్టులోనే పోయి ఉంటుంది. కాగితం మీద 2027 అని కనిపిస్తోంది కదా అని నిశ్చింతగా తిరుగుతున్నారు. మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరికొచ్చే బండివాళ్లలో చాలామందిది ఇదే కథ. ఇవాళ బండి పోయినా, ఘాట్‌లో పడి ఫోర్కు వంగినా మీకు పైసా రాదు. గడువు దాటి 90 రోజులు కాగానే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. ఓనర్‌కి ఉండాల్సిన 15 లక్షల ప్రమాద బీమా కూడా అప్పట్లో ఏడాదికే తీసుకున్నారేమో పాలసీ తీసి చూడండి.

రెండేళ్ల కిందట ఎంవీపీ కాలనీ నుంచి ఒకతను వచ్చాడు. సరిగ్గా మీలాంటి బండే, మీలాంటి పాలసీయే. అనంతగిరి మలుపులో ఇసుక మీద జారి కాలు విరిగింది. ఆఫీసు హెల్త్ పాలసీ ఆసుపత్రి ఖర్చు చాలావరకు కట్టింది. కానీ రెండు నెలలు సగం జీతం, బండి రిపేరు, ఇంటి అద్దె అన్నీ క్రెడిట్ కార్డు మీద పడ్డాయి. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఏడాదికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ఈఎంఐలో కొన్న సైడ్ బాక్సుకి మాత్రం ఒక్క గీత పడలేదు. ఇప్పుడందులో వాళ్లావిడ ఉల్లిపాయలు పోస్తోంది.

ఇక అప్పు సంగతి. 2 లక్షలు, 15 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే నెలకు 9,700 కట్టాలి. ఖర్చులు పోను మీకు మిగిలేది 11,000. అంటే చేతిలో 1,300 పెట్టుకుని, మూడేళ్ల పాపని ఇంట్లో వదిలి, రానుపోను దాదాపు 6,000 కిలోమీటర్లు వెళ్తానంటున్నారు. దారిలో క్లచ్ ప్లేట్లు పోతే మళ్లీ కార్డే గీకుతారు. సరదా కోసం అప్పు చేయొద్దని నేనింత ఘాటుగా చెప్పేది అందుకే. బంగారం మీ ఆవిడది, ఆ ప్రశ్న నన్ను కాదు, ఆవిడని అడగండి. నేనైతే ముట్టను. చీటీ ఇప్పుడు పాడి తగ్గించుకోకండి, ఏడు నెలలు ఆగి పూర్తిగా ఎత్తండి. నో కాస్ట్ ఈఎంఐ అని మీ స్నేహితుడెవరైనా అంటే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎంతో అడగండి.

మీ జాబితాలో 19,000 మరమ్మతులకు నేను అడ్డు చెప్పను. కూర్మన్నపాలెం సముద్రానికి కాస్త ఎడంగా ఉన్నా ఈ ఊరి గాలి ఇనుమును వదలదు. జాలారిపేట వైపు ఉండే నా స్కూటర్ చూసి మెకానిక్ "ఏటండీ, సముద్రంలో ముంచి తెచ్చారేటి?" అన్నాడు. స్పోకులు, చైన్, హ్యాండిల్ కోన్ సెట్ ముందు చూపించుకోండి. చైన్ 500 కిలోమీటర్లకోసారి తుడిచి ల్యూబ్ వేస్తే స్ప్రాకెట్ సెట్ డబ్బులు చాలాకాలం మిగులుతాయి. జాకెట్, బూట్లు కూడా సోకు కాదు, అవి కొనాలి, కానీ తర్వాత. సస్పెన్షన్, లైట్లు వద్దు. ఎగ్జాస్ట్ మారిస్తే చలానా కూడా మీదే. సైడ్ బాక్సుల బదులు గుడ్డ బ్యాగులు చాలు. బండి అమ్మేసి కొత్త హిమాలయన్ 450 తీసుకోవాలనే ఆలోచన కూడా వస్తుంది మీకు, తెలుసు: 350 సీసీ దాటిన బండ్లపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం.

ఇప్పుడు అసలు పని. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,16,000, అత్యవసర నిధిగా మీ జీతం ఖాతాలో కాకుండా వేరేచోట ఉండాలి. మొదటి రెండు నెలల మిగులు మరమ్మతులకు, ఇన్సూరెన్స్‌కు పోతుంది. తర్వాత ఐదు నెలలు 11,000 చొప్పున 55,000, ఇప్పటి 38,000, చివర్న ఎత్తిన చీటీ దాదాపు లక్ష. అటుపైన చీటీ 5,000 కూడా మిగిలి నెలకు 16,000 అవుతుంది. తొమ్మిది, పది నెలల్లో నిధి నిండుతుంది. అక్కణ్నుంచి వచ్చే ఏడాది జూన్ దాకా జమ చేస్తే దారి ఖర్చూ, జాకెట్, బూట్ల డబ్బులూ రెండూ వచ్చేస్తాయి, ఒక్క రూపాయి అప్పు లేకుండా. ఈలోగా లంబసింగి ఉంది, ఒడిశాలో దేవమాలి ఉంది, ఉన్న బండి ఉన్నట్టే ఎక్కుతుంది.

నిధి మాత్రం బైక్ సామాన్ల షాపు చూసినప్పుడల్లా కరిగించకండి. బండి ఖర్చులకు విడిగా నెలకు 1,500 పక్కన పెట్టుకుంటే, నిధి నిండడానికి ఇంకో నెల పట్టినా పర్వాలేదు.

ఓన్ డ్యామేజ్ పాలసీ ఈ వారమే విడిగా తీసుకోండి. జీరో డిప్రిసియేషన్, అంటే భాగాలు పాతబడ్డాయని కోత వేయని కవర్, దొరికితే వేయించండి, లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. క్రాష్ గార్డు లాంటివేవైనా తర్వాత బిగించి ఉంటే పాలసీలో రాయించండి, రాయించనిదానికి డబ్బు రాదు. మధ్యలో గడువు తప్పింది కాబట్టి బండి తనిఖీకి వీడియో అడుగుతారు. అందులో ఛాసిస్ నంబరు స్పష్టంగా కనబడాలి, ముందు తుప్పు తుడిచి తీయండి.