కీబోర్డు వాయిస్తుంటే కంప్యూటర్‌లో ఎందుకు రికార్డు కావట్లేదు?

యూఎస్‌బీ కేబుల్ పెట్టినా ఆడాసిటీలో (శబ్దం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) శబ్దం గీత కదలట్లేదన్నారు. చాలా కీబోర్డుల్లో ఆ కేబుల్ మోసుకెళ్ళేది శబ్దం కాదు, మిడి. అంటే ఏ మెట్టు ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న సమాచారమే. ఆడాసిటీ దాన్ని రికార్డు చేయదు.

మీకు కావాల్సింది కీబోర్డు సొంత సౌండే కాబట్టి లైన్ అవుట్ (సౌండ్ బయటికొచ్చే రంధ్రం) నుంచి, అది లేకపోతే హెడ్‌ఫోన్ జాక్ నుంచి, డెస్క్‌టాప్ వెనక నీలం రంగు లైన్ ఇన్‌కి (సౌండ్ లోపలికెళ్ళే రంధ్రం) కేబుల్ వేయండి. కీబోర్డు వైపు సాధారణంగా లావు పిన్ను, కంప్యూటర్ వైపు 3.5 మిల్లీమీటర్లది. గులాబీ రంగుది మైకుకి. అందులో పెడితే సౌండ్ పగులుతుంది. లాప్‌టాప్ అయితే సాధారణంగా లైన్ ఇన్ ఉండదు కాబట్టి తటపటాయించకుండా యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కి పంపే చిన్న పెట్టె) కొనుక్కోండి. గట్టిగా వాయించినా ఆడాసిటీలో సౌండ్ స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

అన్నట్టు, మీ ఇల్లు బీచ్ రోడ్డులో కదా. విశాఖ ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. చిటపటలు వినిపిస్తే సాఫ్ట్‌వేర్‌ని తిట్టేముందు పిన్ను తుడిచి చూడండి.